ఆసుపత్రికి రానివారి లెక్క



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ మాస్టారి దగ్గర ఈ సభలో ఉన్న చాలామందిమి చదువుకున్నాం. ఆయన బోధించిన సబ్జెక్టును మా రోజుల్లో ఎస్పీఎం అనేవాళ్ళం. ఇప్పుడు కమ్యూనిటీ మెడిసిన్ అంటున్నారు. ఎవరైనా కేసుల గురించి చెబుతూ "ఈ నెలలో ఈ జబ్బు ఇరవై మందిలో చూశాం సార్" అంటే చాలు, "ఎంతమందిలో ఇరవై?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు జవాబు వార్డులో దొరకదు, ఊళ్ళోకి వెళ్ళి వెతకాలి. ఆయన మమ్మల్ని ఊళ్ళోకే తీసుకెళ్ళేవారు.

ఆ జవాబు వెతికే చదువు గురించే ఈ రోజు మాట్లాడదలచుకున్నాను. ఎపిడెమియాలజీలో పీహెచ్‌డీ చేయాలా అని అడుగుతూ ఏటా కొందరు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళలో ఎంబీబీఎస్, బీడీఎస్ చేసినవాళ్ళు ఉంటారు; నర్సింగ్, వెటర్నరీ, న్యూట్రిషన్, స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళు ఉంటారు; ఎంపీహెచ్ ముగించినవాళ్ళూ ఉంటారు. ఇప్పటికే ఇన్నేళ్ళు చదివాం, మళ్ళీ నాలుగైదేళ్ళు పెడితే చేతికి ఏమొస్తుంది అన్నది వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. ఆసుపత్రి గడప తొక్కనివాళ్ళను కూడా లెక్కలోకి తెచ్చే బాధ్యత ఎవరో ఒకరు తలకెత్తుకోవాలి. ఆ బాధ్యత మోయడానికి కావలసిన శిక్షణ ఈ చదువులో దొరుకుతుంది. ఈ మాటకు సాక్ష్యాలు చాలావరకు మన నేల మీద జరిగిన పనుల నుంచే చూపిస్తాను.

లవం, హారం

బడిలో భిన్నాలు నేర్చుకునేటప్పుడు పైన ఉన్నది లవం, కింద ఉన్నది హారం అని చదువుకున్నాం. డాక్టరు కళ్ళెదుట ఉండేది లవం. జబ్బు చేసి, బస్సెక్కి, ఓపీ చీటీ రాయించుకుని, వరసలో నిలబడి ఆయన దాకా వచ్చిన మనిషి. రానివాళ్ళు ఎవరు? జబ్బు లేనివాళ్ళు, ఉన్నా తెలియనివాళ్ళు, తెలిసినా ఛార్జీలకు డబ్బు లేనివాళ్ళు, ఒకరోజు కూలి పోతుందని ఆగిపోయినవాళ్ళు, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరే సరిపెట్టుకున్నవాళ్ళు, దారిలోనే ప్రాణం పోయినవాళ్ళు. వీళ్ళందరూ కలిస్తేనే హారం పూర్తవుతుంది. అది తెలియనిదే జబ్బు పెరిగిందని గానీ తగ్గిందని గానీ చెప్పలేం. కొత్త స్కానింగ్ యంత్రం వచ్చినా, ఉచిత చికిత్సల జాబితాలో ఆ జబ్బు చేరినా ఓపీ రద్దీ పెరుగుతుంది. ఊళ్ళో జబ్బు మాత్రం ఎప్పటిలాగే ఉండొచ్చు.

ఇందులో మరో చిక్కు ఉంది. దాన్ని 1946లో జోసెఫ్ బెర్క్‌సన్ అనే అమెరికన్ గణాంక నిపుణుడు లెక్క కట్టి చూపించాడు. రెండు జబ్బులకు ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేదనుకుందాం. అయినా రెండూ ఉన్న మనిషి ఆసుపత్రిలో చేరే అవకాశం ఎక్కువ. అందుకని ఆసుపత్రి రికార్డులనే తిరగేస్తే ఆ రెండు జబ్బుల మధ్య లేని చుట్టరికం కనిపిస్తుంది. రికార్డుల్లో ఒక్క తప్పూ ఉండదు. వాటిలోకి ఎవరు ఎక్కారు, ఎవరు ఎక్కలేదు అని అడగకపోతే చదివేవాళ్ళే దారి తప్పుతారు.

జబ్బు రానివాళ్ళను కూడా వచ్చినవాళ్ళంత శ్రద్ధగా ప్రశ్నించాలన్న ఆలోచనకు తొలి రూపం ఇచ్చినవారిలో జానెట్ లేన్-క్లేపాన్ ఒకరు. ఈ ఆంగ్ల వైద్యురాలు 1926లో వెలువరించిన అధ్యయనంలో రొమ్ము క్యాన్సర్ ఉన్న 500 మంది స్త్రీలనూ, క్యాన్సర్ లేని 500 మంది స్త్రీలనూ ఒకే ప్రశ్నావళితో పలకరించారు. పెళ్ళి ఏ వయసులో అయింది, పిల్లలెందరు, పాలిచ్చి పెంచారా అన్నవి ఆ ప్రశ్నలు. కాన్పులకూ ఈ క్యాన్సర్‌కూ ఉందని ఆమె చూపిన సంబంధం ఇన్నేళ్ళ తర్వాతా నిలబడింది. ఆమెకు వైద్యంలో ఎండీతో పాటు శరీరధర్మశాస్త్రంలో డీఎస్సీ కూడా ఉంది. ఆడవాళ్ళకు కాలేజీ చదువే గగనమైన కాలంలో ఆమె రెండు డాక్టరేట్లు సంపాదించి, ఆ శిక్షణను సామాన్య స్త్రీల జీవిత వివరాలను పద్ధతిగా రాసిపెట్టడానికి వాడారు.

శ్రీకాకుళంలో తెరిపించి చూసిన నోళ్ళు

ఇక మన దగ్గరికి వద్దాం. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. అడ్డపొగ అంటారు. ఆడవాళ్ళలో ఎక్కువ. గాలికి చుట్ట ఆరిపోదనీ, నిప్పురవ్వలు చీర మీద పడవనీ కారణాలు చెబుతారు. ఆ నిప్పు సెగ నేరుగా అంగిలికి తగులుతుంది. ఈ ప్రాంతపు డాక్టర్లు అంగిలి క్యాన్సర్‌ను తరచుగా చూస్తూనే ఉన్నారు. మాస్టారి ప్రశ్న ఇక్కడా వేయాల్సిందే: ఎంతమందిలో?

దానికి జవాబు 1960లలో మొదలైంది. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి ఫాలీ మెహతా బృందం, డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు జెన్స్ పిండ్‌బోర్గ్‌తో కలిసి దేశంలో ఐదు జిల్లాలను ఎంచుకుంది. ఎర్నాకుళం, భావ్‌నగర్, సింగ్భూమ్, దర్భంగా, మన శ్రీకాకుళం. మొత్తం 50,915 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి 1969లో ఫలితాలు ప్రకటించారు. ఒక్క శ్రీకాకుళం జిల్లాలోనే 10,169 మందిని చూశారు. అడ్డపొగ మీద ప్రత్యేకంగా రాసిన పరిశోధన పత్రం 1971లో వచ్చింది.

ఆ 10,169లో ఉన్నదంతా రానివాళ్ళ లెక్కే. నొప్పి లేనివాళ్ళు, మచ్చ ఉన్నా తెలియనివాళ్ళు, పట్నం ఆసుపత్రి మొహం చూడనివాళ్ళు. వాళ్ళ ఊరికి వెళ్ళి, వెలుతురులో కూర్చోబెట్టి, నోరు తెరిపించి అంగిలి దాకా చూశారు. తెల్లబారిన పొర ఉందా, ఎర్రటి మచ్చ ఉందా, పుండు పడిందా అన్నది మనిషి మనిషికీ రాసుకున్నారు. ఎవరు ఏ పొగాకు ఎలా వాడతారో పక్కనే నమోదు చేశారు. పొగాకు అన్ని జిల్లాల్లోనూ ఉంది. దాన్ని నమిలే చోట బుగ్గ లోపలి పొర దెబ్బతింటోంది. అడ్డపొగ తాగే చోట అంగిలి దెబ్బతింటోంది. వాడే తీరును బట్టి జబ్బు నోట్లో చోటు మారుతోందంటే కారణం వైపు వేలు చూపడానికి అంతకంటే బలమైన ఆధారం ఏం కావాలి? పుండు పడకముందు కనిపించే మార్పులను గుర్తించారు కాబట్టి మానిపించే ప్రయత్నానికీ దారి దొరికింది. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో దాదాపు 36,000 మంది పొగాకు వాడేవాళ్ళకు నచ్చజెబుతూ, ఏటేటా పరీక్షిస్తూ వచ్చారు. మానేసినవాళ్ళలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గినట్టు తేలింది. 1986లో ఆ ఫలితాలు లాన్సెట్‌లో వచ్చాయి. ఊరి జనాన్ని హారంగా పెట్టుకుని మొదలైన పని, ఇరవై ఏళ్ళ తర్వాత అదే ఊరి జనానికి మేలుగా తిరిగొచ్చింది.

చావు తర్వాత అడిగే ప్రశ్నలు

పల్లెల్లో ఎక్కువమంది ఇంట్లోనే కన్నుమూస్తారు. "గుండె పట్టేసి పోయాడు", "జ్వరం తిరగబెట్టి పోయింది" అని ఇంట్లోవాళ్ళు చెబుతారు. డాక్టరు ధ్రువీకరించిన కారణం చాలా మరణాలకు ఉండదు. మరి పల్లెల్లో మనుషులు దేనివల్ల పోతున్నారో ఎలా తెలియాలి? ఇందుకు వెర్బల్ అటాప్సీ అనే పద్ధతి ఉంది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త కర్మకాండలు ముగిశాక ఆ ఇంటికి వెళ్తారు. ఛాతీ నొప్పి వచ్చిందా, ఎంతసేపు ఉంది, చెమటలు పట్టాయా, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయా, దగ్గులో రక్తం పడిందా అని ఒక క్రమంలో అడుగుతారు. ఆ జవాబులు చదివి డాక్టర్లు మరణ కారణాన్ని నిర్ణయిస్తారు.

ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో, దాదాపు లక్షా 80 వేల జనాభాలో ఏడాదిపాటు ఇలా ప్రతి మరణాన్నీ పరిశీలించిన అధ్యయనం 2006లో వెలువడింది. మూడో వంతుకు దగ్గరగా, నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే జరిగాయి. అంటువ్యాధులు, పరాన్నజీవుల వల్ల పోయినవాళ్ళు నూటికి 12 మంది. గుండెపోటు పట్నంవాళ్ళ జబ్బు, పల్లెల్లో జ్వరాలూ విరేచనాలే అసలు శత్రువులు అన్న నమ్మకం అప్పటికి బలంగా ఉంది. పీహెచ్‌సీల్లో మందుల సరఫరా కూడా ఆ నమ్మకం మీదే నడిచేది. ఇంటింటి గడపలో అడిగిన ప్రశ్నలు ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాయి. బీపీ మాత్రలు ఏ ఊరికి చేరాలో చెప్పగలిగేది ఇలాంటి లెక్కలే.

ఒక మాట విద్యార్థులకు చెప్పాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఇలాంటి ప్రశ్నలు అడగడం తేలిక పని కాదు. ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి, ఆమె ఏడుస్తుంటే పుస్తకం మూసి ఎంతసేపు ఆగాలి అన్నవి కూడా ఈ చదువులో భాగమే. ఆ మర్యాద తెలియని పరిశోధకుడికి నిజమైన జవాబు రాదు.

ఆ నాలుగైదేళ్ళలో ఏం జరుగుతుంది

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్సు వర్కుతో కలిపి కనీసం మూడేళ్ళు, మామూలుగా గరిష్ఠంగా ఆరేళ్ళు గడువు. కోర్సు వర్కు కనీసం 12 క్రెడిట్లు. జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థకు చెందిన అచ్యుత మీనన్ సెంటర్, చెన్నైలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ, హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఈ రంగంలో పేరున్న చోట్లు. విదేశాలకు వెళ్ళేవాళ్ళకు లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్, జాన్స్ హాప్కిన్స్ లాంటి శతాబ్దం దాటిన విద్యాలయాలు ఉన్నాయి. ఈ వివరాలు ప్రాస్పెక్టసులో దొరుకుతాయి. దొరకనివి చెబుతాను.

మొదటి ఏడాది బయోస్టాటిస్టిక్స్, అధ్యయన రీతులు, దోషాలను పట్టుకునే పద్ధతులు నేర్చుకుంటారు. ఆర్ లాంటి సాఫ్ట్‌వేర్ చేతికి అలవాటవుతుంది. రెండో ఏడాదికల్లా ప్రశ్న చిక్కబడాలి. "శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోంది?" అన్నది ఊరందరి ప్రశ్న. థీసిస్‌కు అది సరిపోదు. ఏ వయసువాళ్ళలో, ఏ పని చేసేవాళ్ళలో, దేనితో పోల్చి, ఎన్నేళ్ళలో, ఏ పరీక్షతో అన్నవన్నీ తేల్చుకున్నాకే అది పరిశోధన ప్రశ్న అవుతుంది. ఎంతమందిని పరీక్షిస్తే జవాబు నమ్మదగ్గదవుతుందో ముందే లెక్క వేయాలి. ఆ లెక్కను డాక్టోరల్ కమిటీ ముందు పెట్టి, ప్రతి అంకెనూ సమర్థించుకోవాలి.

ఆ తర్వాత ఎథిక్స్ కమిటీ. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం సమ్మతి పత్రం పాల్గొనేవాళ్ళకు అర్థమయ్యే భాషలో ఉండాలి. "స్వచ్ఛంద భాగస్వామ్యం" అని రాసి ఊరుకుంటే సరిపోదు. "మీకు ఇష్టం లేకపోతే కాదనండి, మధ్యలో మానేయండి, దానివల్ల మీకు వచ్చే వైద్యం ఆగదు" అని రాయాలి. చదవడం రానివాళ్ళకు సాక్షి ఎదుట చదివి వినిపించి, అప్పుడే వేలిముద్ర తీసుకోవాలి.

అసలు పరీక్ష ఊళ్ళో మొదలవుతుంది. ఒక చిన్న ప్రశ్న తీసుకోండి: "రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతారు?" లీటర్లలో ఎవరూ చెప్పరు. "పొలంలో రెండు చెంబులు, ఇంటికొచ్చాక ఒకటిన్నర" అంటారు. ఈ ఇంటి చెంబు ఆ ఇంటి చెంబు ఒకటి కాదు. అందుకని మంచి పరిశోధక విద్యార్థి సంచిలో కొలజాడీ ఉంటుంది. ఇంటావిడను అడిగి, రోజూ వాడే ఆ చెంబునే తెప్పించి, నిండా నీళ్ళు పోయించి, కొలజాడీలోకి వంపి గీత చూసి రాసుకుంటారు. ఒక ఇంట్లో అది 600 మిల్లీలీటర్లు ఉంటే పక్కింట్లో 900 ఉండొచ్చు. ఈ తేడా పట్టించుకోకపోతే రోజుకు ఒక లీటరు మేర తప్పు లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది. ఎండలో నీళ్ళు తక్కువ తాగడం కిడ్నీని దెబ్బతీస్తోందా అన్నదే మీ ప్రశ్న అయితే, ఆ తప్పు థీసిస్ మొత్తాన్ని ముంచుతుంది.

ఏళ్ళ లెక్క కూడా అంతే. వయసు అడిగితే నలభై, యాభై, అరవై అని గుండ్రంగా చెబుతారు. పెద్దకొడుకు పుట్టినప్పటికి పెళ్ళై ఎన్నాళ్ళైంది, బోరు నీళ్ళు మానింది తిత్లీ తుఫానుకు ముందా తర్వాతా అని ఊరి జ్ఞాపకంలో నిలిచిన సంఘటనల పక్కన పెట్టి అడగాలి. తిత్లీ 2018 అక్టోబరులో వచ్చింది కాబట్టి ఏడాది తేలిపోతుంది. ఇవేవీ కంప్యూటర్ నేర్పదు. గైడుతో కలిసి ఊరు తిరిగితేనే వస్తాయి.

ఉద్దానం అడుగుతున్న ప్రశ్న

శ్రీకాకుళం తీరంలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నేల ఉంది. అదే ఉద్దానం. చూడటానికి పచ్చని సీమ. రెండు దశాబ్దాలకు పైగా అక్కడ మధుమేహం, రక్తపోటు లేనివాళ్ళకు కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ముందుగా వాపులుండవు, నొప్పి ఉండదు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో చూసే నాటికే సగం పైగా నష్టం జరిగిపోయి ఉంటుంది. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్, నికరాగువా చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. ఎండ వేడిలో ఒళ్ళు అలిసే శ్రమ, నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు అన్నిటి మీదా అనుమానాలున్నాయి. ఉద్దానానికి సంబంధించి ఒక కారణం ఇంకా తేలలేదు.

ఎందుకు తేలలేదో చెబితే పీహెచ్‌డీ శిక్షణ ఎందుకు కావాలో అర్థమవుతుంది. ఒకసారి క్రియాటినిన్ ఎక్కువగా కనిపించినంత మాత్రాన దీర్ఘకాలిక జబ్బు అనకూడదు. మూడు నెలలకు పైగా ఆ తేడా నిలవాలి. ఒక రోజు శిబిరం పెట్టి రక్తం తీసి వెళ్ళిపోతే ఆ సంగతి తెలియదు. రెండో చిక్కు నీళ్ళది. క్రియాటినిన్ పెరిగిందని తెలియగానే ఆ ఇల్లు బోరు నీళ్ళు మానేసి డబ్బా నీళ్ళు కొనడం మొదలుపెడుతుంది. ఇప్పుడు ఒక సర్వే చేసి "ఏ నీళ్ళు తాగుతారు?" అని అడిగితే డబ్బా నీళ్ళు తాగే ఇళ్ళల్లోనే జబ్బు ఎక్కువగా ఉందని తేలొచ్చు! జబ్బు వచ్చాక మారిన అలవాటు జబ్బుకు కారణంలా కనిపిస్తుంది. దీన్ని విడదీయాలంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను ఎంచుకుని, వాళ్ళ నీళ్ళు, పని, ఎండ, మందుల వివరాలు ముందే రాసుకుని, ఏళ్ళ తరబడి వాళ్ళ కిడ్నీల తీరు గమనించాలి.

మూడో చిక్కు హారానిది. మగవాళ్ళు చాలామంది పనుల కోసం వలస వెళ్తారు. మీరు వెళ్ళిన రోజు ఇంట్లో ఆడవాళ్ళు, ముసలివాళ్ళే ఉంటారు. డయాలసిస్ మొదలైనవాళ్ళు ఆసుపత్రి దగ్గర బంధువుల ఇంట్లో ఉంటారు. చనిపోయినవాళ్ళు జాబితాలోనే ఉండరు. ఇంట్లో దొరికినవాళ్ళతో సరిపెట్టుకుంటే జబ్బు ఉన్నదానికంటే తక్కువగా, కొన్ని వయసుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి సంక్రాంతికి అందరూ ఇళ్ళకు చేరినప్పుడు వెళ్ళాలి. చనిపోయినవాళ్ళ ఇళ్ళకు విడిగా వెళ్ళాలి. ఈ ఓపిక ఒక ప్రాజెక్టు గడువులో ఇమడదు. ఒక ప్రశ్నను ఏళ్ళపాటు వదలకుండా పట్టుకునే మనిషి కావాలి.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా తాగునీరు ఇచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. కారణం తేలకపోయినా మంచినీళ్ళు ఇవ్వడం సరైన పనే. మంచినీళ్ళకు రుజువు అడగనక్కర్లేదు. అయితే దీనివల్ల జబ్బు తగ్గిందా అన్నది పదేళ్ళ తర్వాత చెప్పాలంటే ఇప్పుడే రాసిపెట్టడం మొదలుకావాలి. ఏ ఇంటికి ఏ నెలలో నీళ్ళొచ్చాయి, తాగడానికి అవే వాడుతున్నారా, ఇంటిల్లిపాది కిడ్నీ పరీక్షలు అప్పుడెలా ఉన్నాయి అన్నవి ఈ రోజు నమోదు కాకపోతే రేపు ఎంత పెద్ద శాస్త్రవేత్త వచ్చినా చేయగలిగింది లేదు. ఒక పీహెచ్‌డీ విద్యార్థికి ఇంతకంటే విలువైన అంశం ఏముంటుంది?

ఈ ఊళ్ళకు వెళ్ళినవాళ్ళకు ఒక ప్రశ్న ఎదురవుతూ ఉంటుంది: "ఎన్నిమార్లు రగతం తీస్తారు బాబూ? మాకేటయ్యిందో సెప్పరేటి?" ఆ అడగడంలో న్యాయం ఉంది. తేలనిదాన్ని తేలిందని చెప్పే హక్కు మనకు లేదు. తేలలేదని చెప్పకుండా మొహం చాటేసే హక్కూ లేదు. ఇంతవరకు ఏం చూశాం, దేన్ని కొట్టేశాం, దేన్ని ఇంకా చూడాలి అన్నది వాళ్ళ గడపలోనే వాళ్ళ మాటల్లో చెప్పగలగడం ఈ డాక్టరేట్‌కు అసలైన వైవా అని నేను నమ్ముతాను.

పెంచి పోషించిన అధ్యయనం

విద్యార్థులు ఒక మాట అంటారు: "ఇన్నేళ్ళు పట్టే పనిని మూడు నాలుగేళ్ళ థీసిస్‌లో ఎలా చేస్తాం?" మొత్తం పని మీరొక్కరే చేయనక్కర్లేదు. మీకు ముందు ఎవరో మొదలుపెట్టినదాన్ని అందుకుని, మీ తర్వాతివాళ్ళకు అందించాలి. దానికీ మన దగ్గర గొప్ప ఉదాహరణ ఉంది.

1987 నుంచి 1990 దాకా హైదరాబాదు దగ్గర 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. అంగన్‌వాడీ పథకం వచ్చిన 15 గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. పథకం ఇంకా రాని 14 గ్రామాలతో పోల్చారు. ఆ పని అక్కడితో ఆగిపోతే ఒక నివేదికగా మిగిలేది. కానీ 2003-05లో పరిశోధకులు మళ్ళీ ఆ ఊళ్ళకు వెళ్ళి, అప్పటి పసివాళ్ళను వెతికి పట్టుకున్నారు. వాళ్ళప్పుడు 13 నుంచి 18 ఏళ్ళ వయసులో ఉన్నారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు అంతగా బిరుసెక్కలేదు. తల్లి కడుపులోనూ పసితనంలోనూ అందిన తిండి, పదిహేనేళ్ళ తర్వాత గుండె ఆరోగ్యంలో కనిపించింది. ఏ ఊరికి ఉప్మా అందాలో లాటరీ వేసి నిర్ణయించలేదు కాబట్టి ఊళ్ళ మధ్య ఇతర తేడాలు కూడా ఉండొచ్చని ఆలోచించాల్సిందే. ఆ జాగ్రత్త తీసుకుంటూనే ఆ పని ఇంకా పెరిగింది. తల్లిదండ్రులనూ కలుపుకుని ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ అయింది. 1987లో పేర్లు రాసుకున్న వాళ్ళ చేతిరాత లేకపోతే 2003లో ఆ పిల్లల్ని వెతకడం సాధ్యమయ్యేది కాదు.

ఈ సభకు మూడు విన్నపాలు

ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి వెళ్ళిపోతే మాస్టారు ఒప్పుకోరు. అందుకే మూడు విన్నపాలు చేస్తున్నాను.

మొదటిది విశ్వవిద్యాలయాలకు. తెలుగు రాష్ట్రాల్లో ప్రజల దగ్గర సమాచారం తీసుకుని రాసే ప్రతి పీహెచ్‌డీ థీసిస్‌తో పాటు పది పేజీలకు మించని తెలుగు సారాంశం తప్పనిసరి చేయండి. దాన్ని ఆ గ్రామ పంచాయతీకీ, పీహెచ్‌సీకీ ఇచ్చి గ్రామసభలో చదివి వినిపించాకే పట్టా ఇవ్వండి. రక్తం ఇచ్చినవాళ్ళకు ఫలితం తెలుసుకునే హక్కు ఉంది.

రెండోది ప్రభుత్వాలకు. ఉద్దానంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళతో మొదలుపెట్టి కనీసం ఇరవై ఏళ్ళు నడిచే శాశ్వత అధ్యయనం ఏర్పాటు చేయండి. మంత్రివర్గం మారినా, సంస్థ డైరెక్టరు మారినా ఆ రిజిస్టరు ఆగకూడదు. ఏటా ఇద్దరు ముగ్గురు పీహెచ్‌డీ విద్యార్థులకు దానిలో చోటు ఇస్తే దేశానికి కావలసిన ఎపిడెమియాలజిస్టులూ తయారవుతారు, ఉద్దానానికి జవాబూ దగ్గరపడుతుంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరోసిస్ ప్రాంతాలకూ ఇలాంటి అధ్యయనాలు కావాలి. అప్పటి నెల్లూరు జిల్లాలో ఆ జబ్బు వైద్య పత్రికలకెక్కింది 1937లో. ఇన్ని తరాలు గడిచాకైనా ఏ ఊళ్ళో ఏ ఏడాది నీళ్ళు మారాక పిల్లల పళ్ళు, ఎముకలు ఎంత బాగుపడ్డాయో క్రమంగా చూసి రాసుకునే ఏర్పాటు ప్రతి ఊరికీ ఉండి తీరాలి.

మూడోది ఈ ధర్మనిధి నిర్వాహకులకు. పరిశోధక విద్యార్థికి ఫెలోషిప్ వస్తుంది, కానీ ఊళ్ళో తిరగడానికి ఆటో ఖర్చు, శాంపిళ్ళు చల్లగా ఉంచే పెట్టె, ప్రశ్నలు అడిగే స్థానిక కార్యకర్త జీతం చాలాసార్లు జేబులోంచే పడతాయి. పల్లెల్లో పుట్టి పెరిగిన విద్యార్థులు ఇక్కడే ఆగిపోతున్నారు. జనాన్ని అందరికంటే బాగా పలకరించగలిగేదీ వాళ్ళే. ఈ నిధి నుంచి ఏటా ఒక విద్యార్థి ఫీల్డు ఖర్చు భరించండి. ఈ ఉపన్యాసానికి నాకు ఇవ్వదలచిన గౌరవ పారితోషికాన్ని ఆ పద్దులో తొలి జమగా రాసుకోమని కోరుతున్నాను.

విద్యార్థులకు చివరి మాట. ఈ పట్టాతో పెద్ద ప్రాక్టీసు రాదు, బోర్డు మీద పేరు చూసి ఎవరూ క్యూ కట్టరు. కానీ మీరు నిజాయితీగా చేసిన ఒక లెక్క వల్ల ఒక మండలానికి మందులు చేరతాయి, ఒక పథకం సరైన ఊరికి వెళ్తుంది, ఒక తప్పుడు నమ్మకం పాఠ్యపుస్తకం నుంచి తొలగిపోతుంది. ఆ మేలు పొందినవాళ్ళకు మీ పేరు తెలియకపోవచ్చు. వాళ్ళు మీకు తెలుస్తారు, ఎందుకంటే వాళ్ళను ఇంటింటికీ వెళ్ళి లెక్కపెట్టింది మీరే. దరఖాస్తు గడువు దాటకముందే రండి. గైడుగా నేను చేయగలిగింది చేస్తాను.